గూఢచారి భోజన విరామం

దేశ భద్రత ఎవరి చేతుల్లో ఉన్నా, గూఢచారి నవలల్లో జరిగే తప్పులకు బాధ్యులెవరో తేల్చే అధికారం మాత్రం ఏలూరులో మా సంఘానిదేనండీ. మా అనుమతి లేకుండా జిల్లాలో ఏ కల్పిత గూఢచారీ మనస్సాక్షితో బాధపడటానికి వీల్లేదు. (మనస్సాక్షి లేనివాళ్ళకి అనుమతి అక్కర్లేదు. వాళ్ళ నవలలు ఆ పూటే పాసైపోతాయి.)

మొన్న తాడేపల్లిగూడెం నుంచి ఇందుజ గారనే రచయిత్రి నవల పట్టుకొచ్చారు. కథ చిన్నదే. కలిదిండి చేపల లారీల్లో దొంగ ఆయుధాలు పోతున్నాయని ఏసుకుమార్ అనే చెరువు కాపలా మనిషి గూఢచారి వీరేంద్రకి చెప్పేస్తాడు. "వాళ్ళకి తెలిసిపోయిందండీ. మిట్టమధ్యాహ్నం కొల్లేట్లో దోనె మీద ఉంటాను, వచ్చి ఒడ్డెక్కించండి" అని ఫోన్ చేస్తాడు. వీరేంద్ర బయల్దేరతాడు. బస ఇచ్చిన బంగార్రాజు గారు గుమ్మంలో చెయ్యి పట్టుకుని, "భోంచెయ్యకుండా వెళ్తే మా పరువేం కానండీ?" అంటారు. కొరమీను పులుసు. మారు వడ్డిస్తారు. వీరేంద్ర పెరుగన్నం దాకా వచ్చేసరికి అక్కడ ఏసుకుమార్‌ని చంపేస్తారు.

ఆఖరి అధ్యాయంలో వీరేంద్ర, పోయినవాడి భార్య మరియమ్మ ఎదుట నిలబడి "తప్పు నాదేనమ్మా" అంటాడు. మా అభ్యంతరమల్లా అక్కడే.

అధ్యక్షులు శేషగిరిరావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "విస్తట్లో చెయ్యి పెట్టాక ఎలా లేస్తాడమ్మా?"

"అవతల మనిషి ప్రాణం పోతోందండీ" అన్నారు ఇందుజ గారు.

"అందుకని వడ్డించిన వాళ్ళని చిన్నబుచ్చుతామా?"

ఆ తర్వాత విచారణ సాఫీగా సాగింది. వీరేంద్ర మర్యాద పాటించాడు గనక నిర్దోషి. బంగార్రాజు గారికి అభినందనలు. వీరేంద్ర పై అధికారి ఆ వేళకి తనూ భోజనం దగ్గరే ఉన్నాడు, ఆయన్ని అడిగేదేముంది? ఇక మిగిలింది ఏసుకుమార్. సరిగ్గా అన్నాల వేళకి రమ్మన్నదెవరు? అతనే. పైగా అప్పీలుకి వచ్చే అవకాశం కూడా లేదు కాబట్టి కేసు తేలిగ్గా ముగిసింది.

ఆఖరి అధ్యాయం తీసేస్తే నవల పాసని చెప్పాం. మరియమ్మ కోసం కావాలంటే ఓ సంతాప సభ పెట్టుకోమన్నాం (రెండు పేజీలు మించకుండా).

"ఆవిడతో ఒక్కడైనా నా తప్పేనని చెప్పాలండీ. నేనీ నవల రాసిందే అందుకు." అన్నారు ఇందుజ గారు. మాక్కూడా కాస్త బాధేసింది, కాదనను.

ఈలోగా క్యారేజీలు వచ్చాయి. "ముందు భోంచెయ్యండమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు అధ్యక్షులు. ఆవిడ నవల చంకన పెట్టుకుని, తినకుండానే వెళ్ళిపోయారు.

పులుసు కలుపుకుంటూ మేం ఏకగ్రీవంగా తీర్మానించాం: రచయిత్రికి మర్యాద తెలియదు.