ఇన్‌స్పెక్టరమ్మ పన్ను

ఒక సమాజం ఎంత నాగరికమైనదో తెలుసుకోవడానికి దాని వంతెనలూ గ్రంథాలయాలూ చూస్తూ టైము పాడుచేసుకోనక్కర్లేదు. అక్కడ పిల్లి ఆస్పత్రికి ఏ ద్వారం గుండా వెళుతుందో చూస్తే సరిపోతుంది. ఈ కొలత ప్రకారం మన కథ జరిగిన ఊరు నాగరికతలో శిఖరం మీద కూర్చుని ఉంది. ఆ ఊరి ఒత్తిడిరహిత పశువైద్య, ప్రవర్తనా సహాయ కేంద్రంలో పిల్లులకొక ద్వారం, కుక్కలకొక ద్వారం, పక్షులకొక ద్వారం ఉన్నాయి. (మనుషులకు విడిగా ద్వారం లేదు. చేతిలో ఉన్న జంతువును బట్టి వాళ్లు ఏదో ఒక జాతిలో చేరిపోవాలి.)

ఒక సోమవారం పొద్దున్నే పిల్లుల ద్వారం ముందు బస్ డిపో టైమ్‌కీపరు నిలబడ్డాడు. చేతిలో మూత బుట్ట, బుట్టలో ఇన్‌స్పెక్టరమ్మ, వెనకాల ఆయన అక్క.

ఇన్‌స్పెక్టరమ్మ ఎనిమిదేళ్ల బూడిదరంగు పిల్లి. రోజూ తెల్లారగానే వంటింట్లో గిన్నెగిన్నెకూ మూతి ఆనించి తనిఖీ చేసి, ఒక్కటీ బాగాలేదన్న మొహంతో బయటికి వచ్చే అలవాటు ఉండబట్టి అక్క ఆ పేరు పెట్టింది. రెండు రోజులుగా తనిఖీలు ఆగిపోయాయి. తిండి ముందు కూర్చుంటుంది, వాసన చూస్తుంది, తల ఒక పక్కకు వాల్చి లేచిపోతుంది. కుడి దవడ కింద బొచ్చు చొంగతో తడిసి ముద్దయింది.

"పన్నురా," అంది అక్క. "నాకూ పోయినేడు ఇలాగే అయింది. ఇలాగే గోడకేసి చూస్తూ కూర్చున్నాను. నువ్వు పేపరు చదువుకున్నావు."

టైమ్‌కీపరు ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క బస్సునూ నిమిషం ముందు వదిలినవాడు కాడు. వరస కనబడితే ముందు వెళ్లి చివర నిలబడతాడు, దేనికోసమో తర్వాత అడుగుతాడు. అందుకని ఆ కేంద్రం గుమ్మం తొక్కగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. నేల మీద బాణాలు, గోడ మీద సూచనలు, సూచనల కింద సంతకాలు, సంతకాల కింద తేదీలు. "పద్ధతి ఉందక్కా ఇక్కడ," అన్నాడు, సొంతూరు చేరినవాడిలా.

ప్రశాంతతాధికారి అడ్డంగా నడుస్తూ వచ్చాడు. జంతువుకు ఎదురుగా నడిచి వస్తే దానికి భయం వేస్తుంది కాబట్టి సిబ్బంది అంతా పీతల్లా పక్కకే నడవాలని నియమం. ఆయన చొక్కా లేత ఆకుపచ్చ, చెప్పులు దూది, గొంతు ఆ రెంటికంటే మెత్తన. వచ్చి, వీళ్ల వంక కాకుండా కిటికీ వంక చూస్తూ నిలబడ్డాడు.

"మా పిల్లికి పంటి నొప్పండీ," అన్నాడు టైమ్‌కీపరు.

అధికారి కళ్లు మూసుకుని తెరిచాడు. "సార్, ఆ మాట ఆవరణలో వాడం. అవి వింటాయి."

"ఏ మాట? పన్నా?"

"రెండోది."

ఇక్కడ నొప్పిని అసౌకర్యం అనాలి. సూదిని చిన్న పలకరింపు అనాలి. ఆపరేషన్ అంటే కాసేపు విశ్రాంతి. ఇవన్నీ గోడ మీద పెద్దక్షరాల్లో ఉన్నాయి, నిషేధించిన మాటలతో సహా. (జంతువులకు చదువు రాదన్న ధైర్యం కావచ్చు.)

తర్వాత పదకొండు పేజీల ఫారం వచ్చింది. పిల్లికి ఇష్టమైన దిక్కు ఏది. ఇంట్లో ఎవరి మీదైనా పాత కోపాలు ఉన్నాయా. ఇంట్లో గొంతు పెంచి మాట్లాడే వ్యక్తులు ఎందరు. ఈ చివరిదానికి అక్క "ఒకరు" అని రాయించింది. ఆ ఒకరు ఎవరని తమ్ముడు అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇద్దరూ రెండోవాళ్లనే అనుకుని తృప్తిపడ్డారు.

ఫారం అందుకుని అధికారి పద్ధతి వివరించాడు. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు నాలుగు పరిచయ సందర్శనలు ఉంటాయి. మొదటిది గుమ్మం, రెండోది హాలు, మూడోది తూకం, నాలుగోది డాక్టరుగారి బల్ల. ప్రతిచోటా పిల్లికి ఒక తాయిలం ఇస్తారు. తింటే అది ప్రశాంతంగా ఉన్నట్టు. తినకపోతే ఆందోళనగా ఉన్నట్టు. మర్నాడు మళ్లీ గుమ్మం నుంచి. తాయిలం అంటే వేలెడంత ఎండుచేప ముక్క.

టైమ్‌కీపరు రెండుసార్లు రెప్పలు కొట్టాడు. "అది తినలేకే కదండీ ఇక్కడికి తెచ్చాం."

"అందుకే సార్, మేం తొందరపెట్టం."

"అత్యవసరమైతే?" అంది అక్క.

"అత్యవసరమైతే నేరుగా డాక్టరుగారి దగ్గరికేనమ్మా. అత్యవసరమో కాదో ఆవిడే చెప్పాలి."

"అడుగు మరి."

"చూడకుండా ఎలా చెప్తారమ్మా?"

"చూడమను."

"చూడాలంటే బల్ల ఎక్కించాలి. బల్ల నాలుగో సందర్శన."

ఇందులో ఎక్కడా తప్పులేదు. ప్రతి వాక్యమూ ముందు వాక్యం చేయి పట్టుకునే నడిచింది. టైమ్‌కీపరు అక్కను ఆపి, బుట్ట మూత తీసి, అధికారి చేతిలోని ముక్కను ఇన్‌స్పెక్టరమ్మ ముందు పెట్టించాడు. ఆవిడ వాసన చూసింది. ఒక క్షణం ఆశగా ముందుకు జరిగింది కూడా. మూతి తగలగానే తల విదిలించి, తోక చుట్టుకుని పడుకుంది.

"తీవ్రమైన ఆందోళన," అని రాసుకున్నాడు అధికారి.

"పడుకుందండీ."

"భయంతో మూసుకుపోవడం అంటాం దాన్ని."

హాలు అవతల అద్దం తలుపు ఉంది. దాని వెనక డాక్టరమ్మ నిలబడి ఇటే చూస్తోంది. ఆవిడ హాల్లోకి రాకూడదు. జంతువుల భయాలకు ప్రధాన కారణం డాక్టరేనని ఏదో పరిశీలనలో తేలిందట. ఆవిడ తన కుడి దవడ మీద వేలు పెట్టి, కనుబొమలు ఎగరేసి అడిగింది. అక్క తలూపింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. అధికారి అడ్డంగా నడిచివెళ్లి తెర లాగేశాడు.

మంగళవారం మళ్లీ వెళ్లారు. మెత్తగా ఏదైనా పెట్టొచ్చు కదా అని అక్క అడిగితే, మెత్తటిది తింటే ఆకలితో తిన్నదో ప్రశాంతతతో తిన్నదో తేలదని అధికారి ఎంతో ఓపికగా చెప్పాడు. బుధవారానికి ప్రవర్తనా సలహా పత్రం చేతికొచ్చింది. పిల్లి సమస్యకు మూలం ఇల్లే అట. అక్క గొంతు తగ్గించాలి. టైమ్‌కీపరు డిపో విజిలు ఇంటికి తేకూడదు. ఇద్దరూ రోజూ పావుగంట పిల్లి ఎదుట నేలమీద పడుకుని, నెమ్మదిగా కళ్లార్పుతూ, తాము హానికరం కాదని దానికి నచ్చజెప్పాలి.

పడుకున్నారు. యాభై ఎనిమిదేళ్ల తమ్ముడు, అరవై రెండేళ్ల అక్క, నట్టింట్లో బోర్లా పడుకుని కళ్లార్పారు. ఇన్‌స్పెక్టరమ్మ వాళ్లను కాసేపు చూసి గోడకేసి తిరిగింది. లేవడానికి వాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకోవలసి వచ్చింది.

ఊళ్లో ఇంకో పశువైద్యుడు లేకపోలేదు. ఫోన్ చేస్తే, దూడకంటే చిన్నదాన్ని తను చూడననీ, చూసినా కనబడదనీ చెప్పాడు.

ఆ మధ్యాహ్నం అక్క మాట్లాడటం మానేసింది. సలహా పత్రం గొంతు తగ్గించమంది గాని, ఇంతగా కాదు. పాలగిన్నెలో వేలు ముంచి పిల్లి పెదవి మీద రాస్తూ కూర్చుంది. అది నాలుక కొస ఒకసారి బయటపెట్టి లోపలికి లాక్కుంది. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు లెక్కకు వస్తున్నాయి.

"రేపు కాస్త పెందరాళే వెళ్దాం," అన్నాడు టైమ్‌కీపరు.

"వెళ్దాం," అంది అక్క తల ఎత్తకుండా. "మూడ్రోజులూ ఎంత పద్ధతిగా వెళ్లాం. ఇదీ అంత పద్ధతిగానే పోతుంది."

ఆ మాట ఆయనకు ఎక్కడో కలుక్కుమంది. ఏం చెయ్యాలో తెలియనప్పుడు ఆయన చేసే పని ఒక్కటే: కాగితాలు ముందేసుకోవడం. కళ్లజోడు పెట్టుకుని సందర్శన పత్రం పైనుంచి కిందికి చదివాడు. నాలుగు గడులు, నాలుగింటి ఎదుటా ఒకే ప్రశ్న. తాయిలం స్వీకరించబడినదా? అవును, కాదు.

ఇంకోసారి చదివాడు. స్వీకరించబడినదా అని ఉంది. ఎవరిచేత అని లేదు.

ముప్ఫై ఏళ్లుగా ఆయన రాసినవన్నీ ఇలాంటి వాక్యాలే. బస్సు ఆలస్యముగా బయలుదేరదీయబడినది. ప్రయాణికులు వేచియుండజేయబడిరి. ఏ వాక్యంలోనూ ఎవరూ ఏమీ చెయ్యలేదు. అన్నీ వాటంతటవే చెయ్యబడ్డాయి. కర్త లేని వాక్యంలో మనిషి దూరడానికి ఎంత చోటుంటుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గురువారం పొద్దున్న గుమ్మం దగ్గర అధికారి ఎండుచేప ముక్క చాచాడు. టైమ్‌కీపరు దాన్ని అందుకుని నోట్లో వేసుకున్నాడు.

చేప వాసనకే ఆయన చిన్నప్పట్నుంచీ ఆమడ దూరం పరిగెత్తేవాడు. ముక్క తోలులా ఉంది. నమిలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అధికారి మొహం మీంచి చూపు తిప్పకుండా చివరిదాకా నమిలి, గుటక వేశాడు.

"సార్," అన్నాడు అధికారి, జీవితంలో మొదటిసారి ఎదురుగా చూస్తూ. "మీరు తిన్నారు."

"స్వీకరించబడిందా, లేదా?"

"అది పిల్లికండీ."

"కాగితంలో పిల్లి అని ఎక్కడుందో చూపించండి. నేను వెనక్కి వెళ్లిపోతాను."

అధికారి పత్రం చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. అలమారాలోంచి నియమావళి తీసి, దుమ్ము దులిపి, అందులోనూ చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మూడు రోజులూ పిల్లి ఎంత చిక్కిపోతోందో తన చేతి పుస్తకంలో తనకు తానే రాసుకుంటున్నాడని, ఆ పుస్తకం పేజీ తిప్పినప్పుడు అక్కకు కనబడింది.

"రాయి నాయనా," అంది అక్క మెల్లగా. "మా తమ్ముడు ఇన్నేళ్లలో ఒక్క రూలూ తప్పలేదు. ఇవాళా తప్పలేదు."

అధికారి 'అవును' ఎదుట టిక్కు పెట్టాడు. హాల్లో ఇంకో ముక్క. తూకం దగ్గర ఇంకోటి. నాలుగో ముక్కకు టైమ్‌కీపరు ముఖం పిల్లి రంగుకు తిరిగింది. అక్క సగం తుంచుకుని తను తినేసింది. నియమావళి దాన్నీ కాదనలేదు.

అద్దం తలుపు తెరుచుకుంది.

డాక్టరమ్మ బుట్టలోకి చెయ్యి పెట్టి లాగలేదు. బుట్ట పైభాగం విప్పి, పిల్లి ఉన్నచోటే ఉండగా మెత్తటి తువ్వాలు కప్పి, చెవుల వెనక రెండు వేళ్లతో నిమిరింది. ఇన్‌స్పెక్టరమ్మ మూడు రోజుల్లో మొదటిసారి గొంతులో చిన్నగా గుర్రుమంది. మత్తు ఎప్పుడిచ్చారో అక్క గమనించనే లేదు. నోరు తెరిచి చూస్తే కుడిపక్క దవడపన్ను నిలువునా చీలి, చుట్టూ చీము పట్టి ఉంది. తియ్యడానికి అరగంట పట్టింది.

"దీనికి భయమే లేదమ్మా," అంది డాక్టరమ్మ. తలుపు వేసి ఉందో లేదో చూసుకుని గొంతు తగ్గించింది. "నొప్పి."

"మీకింత ఒడుపు ఉండి, ఆ అద్దం వెనక ఎందుకమ్మా?" అంది అక్క.

"నేను పిల్లుల భయం గురించి చదివి వచ్చినదాన్నే. ఇదంతా పెట్టమని మొదట అడిగింది కూడా నేనే. తువ్వాలు అడిగాను, కాస్త టైము అడిగాను. ఒక కమిటీ వేశారు." ఆవిడ చేతులు కడుక్కుంది. "పోయిన నెల మొత్తానికి ఇద్దరే బల్ల దాకా వచ్చారు. ఒకటి తాబేలు. రెండోది కూడా ఆ తాబేలే."

సాయంత్రానికి ఇన్‌స్పెక్టరమ్మ లేచింది. తూలుకుంటూ వంటింట్లోకి వెళ్లి గంజిగిన్నెలో మూతి పెట్టి, నాలుగుసార్లు నాకి, బాగాలేదన్న మొహం పెట్టింది. అక్క అది చూసి గిన్నెలు కడిగే నెపంతో అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. టైమ్‌కీపరు అప్పటికి ఏడోసారి పళ్లు తోముకుంటున్నాడు.

నెల తర్వాత దవడ చూపించడానికి వెళ్లినప్పుడు హాలు గోడ మీద కొత్తగా పటం కట్టిన కాగితం కనబడింది. పైన ఇన్‌స్పెక్టరమ్మ ఫొటో. కింద: తీవ్ర ఆందోళనవల్ల ఆహారం మానేసిన ఈ మార్జాలము, మూడు రోజుల ఓపిక అనంతరం ఒకే ఉదయం నాలుగు తాయిలములు స్వీకరించినది. కేంద్రం చరిత్రలో ఇది రికార్డు.

"తిన్నది నేను కదండీ," అన్నాడు టైమ్‌కీపరు.

"కాగితంలో అలా లేదు సార్," అన్నాడు అధికారి, నిజంగానే బాధపడుతూ.

ఫొటో పక్కన ఇంకో నోటీసు. పై విజయం దృష్ట్యా పరిచయ సందర్శనల సంఖ్య నాలుగు నుంచి తొమ్మిదికి పెంచడమైనది.

దాని కింద బెంచీ మీద ఒకాయన ఒళ్లో కుందేలుతో కూర్చుని ఉన్నాడు. కుందేలు గడ్డం చొంగతో తడిసి ఉంది. ఆయన పదకొండు పేజీల ఫారంలో రెండో పేజీ దగ్గర, ఇష్టమైన దిక్కు అన్నచోట ఆగిపోయాడు.

టైమ్‌కీపరు వెళ్లి పక్కన కూర్చున్నాడు. "కుందేలుకి తాయిలం ఏమిస్తారటండీ?"

"ఎండుగడ్డి అన్నారు."

టైమ్‌కీపరు కాసేపు ఆయన మొహంలోకి జాలిగా చూశాడు.

"మీ పళ్లు గట్టివేనా?" అని అడిగాడు.