ఆకాశం నుంచి వచ్చిన జొన్నలకు పోగుంటలు

ఆ శనివారం పొద్దున మల్లిక అనుకున్న పని ఒక్కటే. హైదరాబాద్ నుంచి కృష్ణకాంత్ సారు వచ్చేలోపు మొలకలు లెక్కపెట్టాలి, అంతే.

మల్లిక మహబూబ్‌నగర్‌లో కాలేజీ పంతులమ్మ. ఆమె ఇచ్చిన నలభై జొన్నగింజలు, భూమి చుట్టూ తిరిగే ప్రయోగశాలలో నెల రోజులుండి దిగివచ్చాయి. ఆ ప్రయోగశాల ఒక్క ప్రయాణంతో పారేసేది కాదు. దిగుతుంది, బాగుచేస్తారు, మళ్ళీ ఎగురుతుంది. రెండోసారి ఎవరి గింజలు ఎక్కాలో చెప్పేది సారే. లెక్క సరిగ్గా ఉంటేనే మల్లిక గింజలకు జాగా. పోయొచ్చిన గింజలను ఎర్రదారం కట్టిన నలభై కప్పుల్లో, ఊరు దాటని మరో నలభైని తెల్ల కప్పుల్లో డాబా మీద విత్తి, తల్లి సుక్కమ్మకు అప్పగించి, వారం రోజులు షాద్‌నగర్‌లో పరీక్షల డ్యూటీ చేసి అప్పుడే బస్సు దిగింది.

డాబా ఎక్కి చూస్తే ఏముంది, ఎర్రదారం కప్పుల్లో నలభైకి నలభై మొలిచాయి! అక్కడి నుంచే ఫోన్ చేసింది. దారిలో ఉన్న సారు కాలేజీకి చెప్పాడు, కాలేజీవాళ్ళు పేపరాయనకు చెప్పారు, పక్కింటి గ్రేస్ లడ్డూలు పట్టుకొచ్చింది.

"అన్నీ మొలిచినయమ్మా!"

"ఊకనే మొలుస్తయా బిడ్డా? తొమ్మిది కప్పులల్ల రాకపాయె. పోగుంటలు పెట్టిన," అంది సుక్కమ్మ.

మొలక రాని చోట మళ్ళీ గింజ పెట్టడమే పోగుంట. నలభై ఏళ్ళు కూలికి పోయిన చెయ్యి, ఖాళీ చూస్తే ఊరుకుంటుందా?

"ఏం గింజలు పెట్టినవే?"

"రొట్టెల డబ్బల జొన్నలు."

"తెల్ల కప్పులల్ల గూడనా?"

"గవెందుకు? గవేమన్న గంత దూరం పోయొచ్చి అలిసినయా!"

మల్లిక చేతిలోని లడ్డూ పక్కన పెట్టేసింది. "జర సప్పుడు చెయ్యకు మల్లికా, సారుకేం తెలుస్తది?" అంది గ్రేస్ మెల్లగా.

"నాకు తెలుసు గదా!" అంది మల్లిక. సారు వచ్చి చెప్పులు విడవకముందే ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఫొటో తీయడానికి వచ్చిన పేపరాయన కెమెరా దించాడు.

"మరి ఆ తొమ్మిది ఏవో ఇప్పుడెట్ల తెలుస్తది?" అన్నాడు సారు.

"నేను పెట్టింది నాకు యాదుండదా సారూ?" అంటూ సుక్కమ్మ తొమ్మిది కప్పులు ఏరి ముందు పెట్టింది. "నడుమ పండుకున్నది మీ గింజ. దాన్ని లేపుడెందుకని నాది అంచుకు పెట్టిన."

తవ్వి చూశారు. తొమ్మిదింటిలోనూ నడుమ మొలవని గింజ, అంచున రొట్టెల జొన్న. మిగతా ముప్పై ఒకటీ నడుమనే మొలిచాయి.

"నలభైకి నలభై అని పంపితే పైవాళ్ళు నమ్మకపోదురు. ముప్పై ఒకటంటే నమ్ముతరు," అని సారు అక్కడికక్కడే రెండో ప్రయాణానికి సంతకం పెట్టాడు.

మరుసటి నెల సుక్కమ్మ స్వయంగా మూటగట్టి ఇచ్చిన నలభై గింజలను, పెట్టెలో పెట్టేముందు సారు ఎందుకైనా మంచిదని లెక్కపెట్టాడు. నలభై తొమ్మిది ఉన్నాయి.