పిడికెడు డబ్బా

శేర్లు పోయి కిలోలు వచ్చిన ఏడాది, ఒక సోమవారం పొద్దున మైపాడు బడిపంతులు హెబ్రోను పళ్లు తోముకుంటూ భార్య చేతిని చూశాడు. పెళ్లయి పదేళ్లయినా అది అంత పెద్ద చెయ్యని అతనికి ఆరోజే తెలిసింది.

ఎలిశబెతు పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి చర్చి కుండలో వేస్తుంది. సంఘంలో అన్ని ఇళ్లకూ ఉన్న ఆచారమే. ఆదివారం కుండలన్నీ చర్చికి చేరతాయి, ఆ బియ్యం లేనివాళ్లకు పంచుతారు. హెబ్రోనుకు ఆచారం మీద కోపం లేదు, కోపమల్లా చేతి మీదే. చిన్నప్పటినుంచీ వలతాళ్లు లాగిన చెయ్యి అది. ఇంట్లో చూస్తే ఒక్కటే బస్తా ఉంది, కోతలకింకా రెండు నెలలుంది.

దేవుడికి ఇవ్వాల్సిందే, కానీ సుద్దముక్క పట్టే చేతికి పట్టినంత ఇస్తే చాలదా అనుకున్నాడు. నెల్లూరు బస్సెక్కి, రేకు పనివాడు మస్తానయ్య దగ్గర తన పిడికిట్లో పట్టేటన్ని బియ్యానికి సరిగ్గా ఒక డబ్బా చేయించుకొచ్చాడు.

"ఇదేందండీ, అగ్గిపెట్టె మాదిరుండాదే?" అంది ఎలిశబెతు.

"లోకమంతా కొత్త కొలతలొచ్చినాయి. దేవుడి పిడికెడుకు మాత్రం ఒక పద్ధతి ఉండొద్దా? అందరికీ ఒకటే కొలత!" అన్నాడు హెబ్రోను, తన గొంతు తనకే ముద్దొచ్చేటట్టు.

ఆ మాట ఇంట్లోనే ఉండిపోతే బాగుండేది. మొగుడి తెలివికి మురిసిపోయిన ఎలిశబెతు డబ్బా పట్టుకుని స్త్రీల సమాజానికి పోయింది. ఎవరి పిడికిలి చిన్నదన్న తగువు అక్కడ పన్నెండేళ్లుగా నడుస్తోంది. పాస్టరమ్మ కరుణాకుమారికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆదివారం పాస్టరుగారు హెబ్రోనును లేపి నిలబెట్టి మెచ్చుకుని, ఇంటింటికీ ఒక డబ్బా చేయిద్దామన్నారు. హెబ్రోను వంగి వంగి దండాలు పెట్టాడు.

అప్పుడు వెనక వరుసలో ముసలి నవోమి లేచింది.

"అయ్యగారూ, ఇది ఎవరి పిడికిలి?"

"నాదే," అన్నాడు హెబ్రోను.

"అయ్యోరిదా? దీంతో పిచిక్కైనా కడుపు నిండదే!"

చర్చి గొల్లున నవ్వింది. మరెవరి పిడికిలి అని గంటసేపు వాదించుకున్నారు. చివరికి పాస్టరుగారు విసిగిపోయి, "చీట్లేద్దాం, దేవుడే తేలుస్తాడు" అన్నారు. మగవాళ్ల పేర్లన్నీ రాసి కానుకల సంచిలో వేశారు. హెబ్రోను తన జన్మలో అంత భక్తిగా ప్రార్థన చేసి ఎరగడు. చీటీలో పడవల వడ్రంగి సమాధానం పేరు వచ్చింది.

పొద్దస్తమానం కొయ్యలు చెక్కే మనిషి. సిగ్గుపడుతూ ముందుకొచ్చి, ఆ వారం వచ్చిన బియ్యంలో చెయ్యి పెట్టి తీశాడు. రాశిలో గుంట పడింది.

సమాధానం పిడికిలి కొలతకు కొత్త డబ్బాలు వచ్చాయి. వారం తిరక్కముందే అవి ఇళ్లలో ఉప్పుకూ కోళ్ల నూకలకూ పనికొచ్చాయి. జనం చప్పుడు చేయకుండా మళ్లీ చేతులతోనే కుండల్లో వేశారు. ఒక్క ఎలిశబెతు మాత్రం పూటకో డబ్బా నిండా పోసింది.

"రవ్వంత తగ్గించి వెయ్యరాదూ?" అన్నాడు హెబ్రోను.

"ఎట్టా తగ్గించేది? మీరు పెట్టిన పద్ధతి గదా! మనమే తప్పితే ఊళ్లో తలెత్తుకు తిరగతామా?"

కక్కలేక మింగలేక హెబ్రోను అన్నం మాని గంజికి దిగాడు. పంచె నడుముకు రెండు చుట్లు ఎక్కువ తిరిగింది. ఒకరోజు బళ్లో ఏడో ఎక్కం చెబుతూ సోలిపోయాడు. పిల్లలు ఆ వార్త ఇంటింటికీ మోసుకుపోయారు. నెల తిరిగేసరికి బస్తా అడుగు కనబడింది. రేపటినుంచి తమ పొయ్యిలో పిల్లి లేవదని అతనికి నిజంగానే భయం పుట్టింది.

నెలాఖరు ఆదివారం పాస్టరుగారు కాగితం తీసి నిలబడ్డారు.

"ఈ నెల అందరికన్నా ఎక్కువ బియ్యం ఇచ్చిన ఇల్లు, మన హెబ్రోను అయ్యోరిది."

అందరూ తలలు తిప్పి చూశారు.

"ఇక, ఇంట్లో తిండికి లేక సంఘం బియ్యం అందుకోవాల్సిన ఇల్లు, స్త్రీల సమాజం వాళ్లు రాసిచ్చిన ప్రకారం..." పాస్టరుగారు కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని మళ్లీ చదువుకున్నారు. "అదీ మన హెబ్రోను అయ్యోరిదే."

సిగ్గుతో హెబ్రోను చెవులు కాలిపోయాయి. కడుపు మాత్రం సంతోషించింది.

సంఘం రెండింటికీ ఒకే గొంతుతో ఆమెన్ అంది.