పెద్దకోడలికి కావాల్సిన నిమిషం

ఆ రోజు పెద్దకోడలు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పదింటికల్లా వంట ముగించడం, పదకొండింటికి హాల్లో ఒక్క నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం, పన్నెండింటి బస్సెక్కి దాన్ని స్టూడియోలో అప్పగించి రావడం. అరవై సెకన్ల పని. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో అరవై సెకన్ల నిశ్శబ్దం ఒక్కసారి కూడా దొరకలేదన్న సంగతి ఆమెకు తెలియంది కాదు. అయినా మనిషికి ఆశ ఉంటుంది కదా.

కొడుకు హాస్టల్లో చేరాక, నలభయ్యో ఏట, ఆమె ఒక రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరింగ్ శిక్షణకు చేరింది. మొత్తం నలుగురు. మిగతా ముగ్గురూ ఇరవైలలో ఉన్నవాళ్ళు, ఆమెను అక్కా అని పిలుస్తారు. వాళ్ళకు నేర్పే పెద్దాయనకు వెనకాల పెద్దచెవి సార్ అని పేరు. పక్కగదిలో ఎవరు ఏ కాలు మీద ఏ కాలు వేసుకున్నారో తలుపు మూసి ఉన్నా చెప్పగలడని ప్రతీతి. చేరి మూడు వారాలైనా ఆయన ఇంతవరకు నేర్పింది ఒక్కటే, వైర్లు చిక్కు పడకుండా చుట్టడం.

"ఎవరూ మాట్లాడనప్పుడు కూడా గది ఏదో ఒకటి అంటూనే ఉంటుంది," అన్నాడాయన శుక్రవారం సాయంత్రం. "మాటల మధ్య కత్తిరించిన చోట అతుకు వేయాలంటే ఆ గది నిశ్శబ్దమే కావాలి. మీ మీ ఇళ్ళలో ఒక గదిది, ఒక్క నిమిషం రేపు మధ్యాహ్నానికి పట్టుకు రండి. ఎవరిది అసలైన నిశ్శబ్దమో వాళ్ళు సోమవారం నుంచి మిక్సర్ దగ్గర నా పక్కన కూర్చుంటారు. మిగతావాళ్ళు వైర్లు చుడతారు."

పెద్దకోడలు ఆ కుర్చీ మీద మనసు పారేసుకుంది. ఇంట్లో ఎవరూ ఆమె చదువును పెద్దగా పట్టించుకోలేదు. భర్త మాత్రం, "చివరికి వైర్లు చుట్టడానికి వెళ్తున్నావా?" అని అడిగి, నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

శనివారం పది దాటగానే మొదటి ప్రయత్నం. హాల్లో స్టాండు పెట్టి, మైకు బిగించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూస్తే, రోజూ చెవిన పడని ఫ్రిజ్ లారీలా మోగుతోంది. దాని వైరు పీకింది. ఇప్పుడు గోడగడియారం సుత్తి పెట్టి కొట్టినట్టు వినిపించింది. దాని బ్యాటరీ తీసేసింది. వీధి తలుపు గాలికి కిర్రుమంటోంది, కదలకుండా బార్లా తెరిచి చెప్పుల స్టాండు అడ్డం పెట్టింది. మళ్ళీ కూర్చుంది. ఇరవై సెకన్లు గడిచాయో లేదో బాల్కనీలోంచి మామగారి గొంతు.

"అమ్మాయ్! అయిపోయిందా?"

మామగారు ముప్ఫై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. ఆయన గుసగుస చివరి సీటు దాకా వెళ్తుంది. రిటైరయ్యాక బస్సు పోయింది గానీ గొంతు పోలేదు.

"మామయ్యగారూ, ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చోండి."

"నేనెక్కడ మాట్లాడానమ్మా! పొద్దుట్నుంచి నోట్లో మాట లేదు నాకు!"

రెండో ప్రయత్నం ఈ వాక్యంతోనే చెడింది. ఇక లాభం లేదని ఆమె మామగారిని క్షవరానికి వెళ్ళిరమ్మంది. "వచ్చేటప్పుడు గుమ్మంలో కేకలు వేయకండి మామయ్యగారూ. ఎవరున్నా సరే, ఏం జరుగుతున్నా సరే, చప్పుడు చేయకుండా వచ్చి నిలబడండి." ఆయన కోడలి చదువు మీద గౌరవంతో తలూపి, చార్జింగుకు పెట్టిన ఫోను కూడా మరిచిపోయి వెళ్ళిపోయారు. ఆమె ఆ ఫోను ఆపేసి, అత్తగారిని మాట్లాడొద్దని, దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకోమని చెప్పి సోఫాలో కూర్చోబెట్టింది.

మిగిలింది బిల్డింగు. పైన ఎవరో మిక్సీ తిప్పుతున్నారు, నాలుగో అంతస్తులో గోడకు చిల్లులు పెడుతున్నారు, లిఫ్టు మూలుగుతోంది. ఆమె మరిదిని పిలిచింది. మరిది మంచివాడే గాని, బొటనవేలు కదిపితే తీరే పనికి కాలు కదపడు.

"నాన్నా, ఇంటింటికీ వెళ్ళి చెప్పిరా. పదకొండింటికి ఒక్క నిమిషం చప్పుడు లేకుండా ఉండమని. నా పరిస్థితి చెప్పు, సాయం చేస్తారు."

"అలాగే వదినా," అని అతను మంచం మీంచి లేవకుండానే బిల్డింగు గ్రూపులో ఇలా పెట్టాడు: "అందరికీ మనవి. ఈ రోజు ఉదయం సరిగ్గా పదకొండు గంటలకు మా ఇంటి కోసం అందరూ ఒక్క నిమిషం మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాము. వదిన చాలా బాధలో ఉంది. దయచేసి సహకరించండి." అలా పెట్టి, వదిన ముందే చెప్పినట్టు ఫోను ఆపేసి, దుప్పటి కప్పుకున్నాడు.

గ్రూపులో ఏం జరిగిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలిసే వీలు లేదు. ముందు ఒకరు "అయ్యో" అన్నారు. ఇంకొకరు ఆ ఇంటి పెద్దాయనకు ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఎదురింటావిడ తొంగి చూస్తే బాల్కనీలో ఆయన కుర్చీ ఖాళీ. తలుపు బార్లా తెరిచి ఉంది, గోడగడియారం ఆగిపోయి ఉంది, అత్తగారు సోఫాలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంది. అన్నిటికీ మించి, పొద్దుట్నుంచి మోగుతున్న ఆయన గొంతు వినపడటం మానేసి అరగంట దాటింది. అంతకంటే రుజువేం కావాలి? మిక్సీ ఆగింది. నాలుగో అంతస్తులో చిల్లులు ఆగాయి. సెక్రటరీగారు స్వయంగా వెళ్ళి నీళ్ళ మోటారు, లిఫ్టు ఆపించాడు.

పదకొండయింది. పెద్దకోడలు కళ్ళు మూసుకుని బటను నొక్కింది.

ఎంత నిశ్శబ్దం! బిల్డింగంతా దూదిలో చుట్టి పెట్టినట్టుంది. ముప్ఫై సెకన్లయ్యేసరికి హెడ్‌ఫోన్లలో మెత్తగా, వెచ్చగా ఏదో వినిపించడం మొదలైంది. గది ఊపిరి పీలుస్తోంది. సార్ చెప్పింది నిజమే! పద్దెనిమిదేళ్ళుగా ఊడ్చి తుడిచిన ఈ హాలు మొదటిసారి నాతో మాట్లాడుతోందనుకుని ఆమెకు ఒళ్ళు పులకరించింది. కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి.

అరవై లెక్కపెట్టి కళ్ళు తెరిచింది. హాల్లో ఇరవై మంది చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, తలలు దించుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు అత్తగారిని చెరో పక్క పట్టుకున్నారు. వాళ్ళు సైగలతో "ఎంతసేపైంది?" అని అడిగితే, మాట్లాడొద్దన్న కోడలి ఆజ్ఞ మీరలేక ఆవిడ ఒక వేలు చూపించిందట, ఒక్క నిమిషమే అని. గంటైంది కాబోలనుకున్నారు వాళ్ళు.

పెద్దకోడలు బిత్తరపోయింది. తరవాత, తన నిశ్శబ్దానికి ఇంతమంది కదిలి రావడం చూసి కరిగిపోయింది. సెక్రటరీగారు ముందుకొచ్చాడు.

"అమ్మా, మీరు ధైర్యంగా ఉండాలి."

"ఉన్నానండీ. పొద్దున రెండుసార్లు వచ్చినట్టే వచ్చి చెడిపోయింది. మూడోసారికి అయిపోయింది."

"మూడుసార్లు వచ్చిందా!" సెక్రటరీగారు తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "బాధేమీ లేకుండా జరిగిందా తల్లీ?"

"అబ్బే, ఒక్క నిమిషమే కదండీ. చాలా ప్రశాంతంగా అయిపోయింది."

"మరి మీ మామగారిని..."

"ముందే పంపించేశామండీ. ఆయనుంటే ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి?"

"అప్పుడే పంపించేశారా! మాకు ఒక్క మాటైనా చెప్పకుండా?"

"అదేమిటండీ, మా మరిది చెప్పాడుగా?"

సెక్రటరీగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, హాలు వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "మన బిల్డింగుకు ఈ రోజు దిక్కు లేకుండా పోయింది," అని మొదలుపెట్టాడు. "అంత నిజాయితీపరుడు, అంత మితభాషి..." అక్కడ కొంచెం తడబడి, "అంటే, ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషి మళ్ళీ పుట్టడు."

పెద్దకోడలికి అప్పుడు అర్థమైంది. "ఏమండీ, ఒక్క మాట, మా మామయ్యగారు..." అని అందుకుంది గానీ, మాట పూర్తవక ముందే ఎదురింటావిడ ఆమె తల తన భుజానికి నొక్కేసుకుని, "ఏడువమ్మా, ఏడిస్తే బరువు దిగుతుంది," అంది. ఆ భుజంలోంచి ఏ మాటా బయటికి రాలేదు.

సరిగ్గా ఆ సమయానికే మామగారు నున్నగా గడ్డం గీయించుకుని వచ్చారు. గుమ్మం నిండా చెప్పులు. లోపల జనం. ఆయన మునివేళ్ళ మీద లేచి, తలల మధ్యలోంచి ముందు భార్య కోసం వెతికారు. ఆవిడ సోఫాలో కనిపించాక గాని ఊపిరి ఆడలేదు. కోడలి మాట జ్ఞాపకం వచ్చి, చప్పుడు చేయకుండా వెనక వరసలో నిలబడ్డారు. సెక్రటరీ ఎవర్నో తెగ పొగుడుతున్నాడు. 'ఇంత గొప్ప మనిషి మన బిల్డింగులో ఉన్నాడా? నాకెవరూ పరిచయమైనా చేయలేదే!' అనుకుని బాధపడ్డానని తరవాత ఆయనే చెప్పారు. అందరితో పాటు తనూ తల దించుకున్నారు.

అప్పుడు మూడో అంతస్తు ఆయన వెక్కుతూ ముందుకొచ్చాడు. క్యారమ్స్‌లో మామగారికి జోడీ, విరోధి కూడా. రెండు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు.

"నా పాపం నన్ను కాల్చేస్తోంది," అన్నాడు. "ఆ రోజు ఎర్రకాయ ఆయనే వేశాడు. గుంతలో పడిపోతున్నదాన్ని నేనే మోచెయ్యి తగిలించి పక్కకు నెట్టాను. ఆటలో ఆయన్ని మించినవాడు లేడు. ఒక్కసారి, ఒక్క క్షణం ఆయన కనిపిస్తే కాళ్ళు పట్టుకుని..."

"ఏదీ, మళ్ళీ చెప్పు!"

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు ఆ కేకలో ఉంది. కిటికీ అద్దాలు జలజలలాడాయి. సెక్రటరీగారు సోఫా అనుకుని టీపాయ్ మీద కూలబడ్డాడు. ఎదురింటావిడ పెద్దకోడల్ని వదిలేసింది. మూడో అంతస్తు ఆయన వెనక్కి తిరగలేదు, కళ్ళు గట్టిగా మూసుకుని, "వేశావు, నువ్వే వేశావు, వెళ్ళిపో నాయనా," అన్నాడు.

జరిగిందేమిటో పెద్దకోడలు అందరికీ వివరించేసరికి పన్నెండింటి బస్సు వెళ్ళిపోయింది. క్షమాపణలు, నవ్వులు, మరిదికి అక్షింతలు. మౌనం పాటించిన ఇరవై మందికీ కాఫీలు పెట్టాక, మళ్ళీ రికార్డు చేయడానికి టైమూ లేదు, ఓపికా లేదు. పైగా మిక్సీ, చిల్లులు, లిఫ్టు పోగొట్టుకున్న కాలాన్ని కూడా కలుపుకుని మోగుతున్నాయి. ఉన్నదే పట్టుకుని ఒంటిగంట బస్సెక్కింది.

స్టూడియోలో పెద్దచెవి సార్ వరసగా నాలుగూ విన్నాడు. మొదటిది పది సెకన్లు విని ఆపేశాడు. "ఇది ఇంటర్నెట్‌లోది." రెండోది విన్నాడు. "ఇదీ అదే. ఇద్దరూ ఒకే దుకాణంలో కొన్నారు." మూడోది చివరిదాకా విని, "బాబూ, నువ్వసలు మైకు తగిలించలేదు," అన్నాడు. నాలుగోది పెట్టగానే కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా నిమిషం కాగానే ఆపి కళ్ళు తెరిచాడు.

"ఖాళీ గది కాదండీ ఇది. ఇరవై మంది ఉన్నారు. ఒకాయనకు జలుబు."

"అవున్సార్," అంది పెద్దకోడలు, వైర్ల కట్ట వైపు చూస్తూ.

"ఇంతమందిని ఇంత మౌనంగా ఎలా నిలబెట్టారు? నేను ముప్ఫయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇద్దరు పాటగాళ్ళని పది సెకన్లు ఆపలేకపోయాను."

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నవ్వలేదు. "సోమవారం తొమ్మిదింటికి వచ్చేయండి," అని మిక్సర్ దగ్గరున్న రెండో కుర్చీ మీద దుమ్ము తన చేత్తోనే దులిపాడు.

పొద్దుటి కంగారులో ఆమె నిమిషం కాగానే రికార్డరు ఆపడం మరిచిపోయిన సంగతి సాయంత్రం ఇంటికొచ్చాక బయటపడింది. సెక్రటరీ ఉపన్యాసం, మూడో అంతస్తు ఆయన ఒప్పుకోలు, అన్నీ స్పష్టంగా పడ్డాయి. మామగారు ఒక్కసారి విని ఊరుకుంటారని అందరూ అనుకున్నారు. ఆయన రోజూ భోజనం కాగానే కోడలి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బాల్కనీలో కళ్ళు మూసుకుని, రెండు గంటలు వింటున్నారు. ఎవరు పలకరించినా చేత్తో ఆగమని సైగ తప్ప నోరు విప్పరు.

వారం తరవాత ఎదురింటావిడ వచ్చి, ఎలా ఉన్నారని అత్తగారిని అడిగింది.

"ఏం చెప్పను వదినా," అంది అత్తగారు తీరిగ్గా, "ఆయన పోయిన దగ్గర్నుంచి ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది."