బుగ్గ వాపుకు ఐసు పెట్టకండి!

జ్ఞానదంతం పీకించుకున్నారా? బుగ్గ ఉబ్బిందా? అభినందనలు! దయచేసి దానికి ఐసు పెట్టి మీ బతుకు పాడుచేసుకోకండి.

డాక్టర్లు ఊరుకోరు. ఐసుముక్కలు బట్టలో చుట్టి బుగ్గకు ఆనించమంటారు. తల కింద ఎత్తు పెట్టుకొమ్మంటారు. చల్లటి పెరుగన్నం మెత్తగా పిసికి తినమంటారు, స్ట్రా నోట పెట్టొద్దంటారు. వాపు మీద వీళ్లకెందుకింత పగ?

వాపు విలువ తెలియాలంటే కోరుట్లలో మా పక్కింటి రాజమణిని చూడాలి. బీడీలు చుడుతుంది. భర్త ప్రభాకర్ దుబాయిలో, అత్త కొమురవ్వ ఇంట్లో. జ్ఞానదంతం అడ్డంగా మొలిచి తల పగిలిపోతున్నా రాజమణి ఆకు, తంబాకు పోసుకున్న బీడీల చాట ముందే కూర్చుంది. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి జగిత్యాలలో చిగురు కోసి, పన్ను పీకి, కుట్లు వేశారు. తెల్లారేసరికి బుగ్గ బన్నులా పొంగింది.

అంతే! అద్భుతం జరిగింది.

"అయ్యో బిడ్డా, మొఖం గిట్లయిందేందే! చాట ముట్టకు, పండుకో," అంది కొమురవ్వ. స్వయంగా జావ కాచింది! వాడకట్టంతా పరామర్శకు వచ్చింది. పెళ్లయ్యాక రాజమణి పట్టపగలు పడుకోవడం అదే మొదలు. ఇంత వరం ఇచ్చిందెవరు? వాపే కదా!

ఆ అమాయకురాలు డాక్టర్ మాట విని బుద్ధిగా ఐసు పెట్టింది, మందులు మింగింది. వాపు దిగింది. నొప్పి దిగలేదు.

కొమురవ్వ ఆ బుగ్గను అటూ ఇటూ తిప్పింది, సంతలో మేకను చూసినట్టు. "దిగింది గద! ఇగ చాట అందుకో."

"కుట్లు గుంజుతున్నయ్ అత్తమ్మా. నోరు తెర్వస్తలేదు."

"తెర్వకు. బీడీలు చేతుల్తోని చుడుతరు, నోటితోని కాదు."

అంతలో దుబాయి నుంచి వీడియో కాల్. "ఏదీ, ఇటు తిరుగు. మంచిగనే ఉన్నవ్ గదనే!" అన్నాడు ప్రభాకర్.

"నొప్పి ఫోన్ల కనవడదయ్యా!" అంది రాజమణి.

కాల్ కట్టయింది. చాట ఒళ్లోకి వచ్చింది.

తప్పెవరిది? అత్తదా? భర్తదా? ఛ! ముమ్మాటికీ ఐసుదే! నొప్పి ఉందని చెప్పడానికి రాజమణికి నోరుంది. చెప్పింది కూడా. కోడలి నోటిమాట మన ఇళ్లలో ఎక్కడైనా చెల్లిందా? సాక్ష్యం బుగ్గే చెప్పాలి. ఆ బుగ్గ కాస్తా మాట మార్చింది, కేసు కొట్టేశారు.

కాబట్టి పళ్ల డాక్టరుగారూ, వాపు తగ్గించే మందులు ఇక చాలించండి. నొప్పి పూర్తిగా పోయాకే వాపు దిగే మందుంటే రాయండి.

మీ వల్ల కాదా? అయితే ఈ కేసు మీది కాదు. చెవుల డాక్టరుకు పంపండి. పేషెంట్లు ఇద్దరు: కొమురవ్వ, ప్రభాకర్.