సోక్రటీసు ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

సోక్రటీసు చేసిన తప్పు ఒక్కటే. ఇంటిని భార్య పేరు మీద పెట్టలేదు!

పెట్టి ఉంటే ఏమయ్యేది? ఏథెన్స్ పెద్దమనుషులు ఆయన్ను వదిలేసి ఓనరమ్మను పిలిపించేవారు. ఆవిడ వచ్చి, "మా ఆయన తరఫున సారీ అండీ, ఆయనకు కాస్త ఆలోచన ఎక్కువ" అనేది. అందరూ నవ్వేసేవారు. ముసలాయన విషం తాగే పని లేకుండా ఇంటికెళ్లి రెండు ముద్దలు తినేవాడు.

అందుకే అంటున్నాను. సొంత పేరు మీద గజం జాగా కూడా లేకపోవడం ఆడవాళ్లకు దొరికిన మహాభాగ్యం! నవ్వకండి. ఈ మధ్యే నా మీద విచారణ జరిగింది. నేను నిర్దోషినని తేలలేదు. దోషినని కూడా తేలలేదు. అసలు లెక్కలోకే రాకుండా బయటపడ్డాను. ఇంతకన్నా పెద్ద రక్షణ ఏ చట్టం ఇస్తుంది?

మాది ఉప్పల్. మెట్రో వస్తోందని ఊరంతా సంబరపడుతుంటే మా అపార్ట్‌మెంట్‌కు మాత్రం దడ పట్టుకుంది. సరిగ్గా మా గేటుకు ఎదురుగా ఓ పిల్లరు లేచింది మరి! సెక్రటరీ రామచంద్రరావుగారు రామంతాపూర్ నుంచి వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చారు. సిద్ధాంతి గేటు దగ్గర నిలబడి, పిల్లరును కిందినుంచి మీదికి చూసి, కళ్లు మూసుకుని, "స్తంభవేధ!" అన్నాడు. అర్థం ఎవరికీ తెలియలేదు. అందుకే ఇంకా ఎక్కువ భయమేసింది.

ఇక లిఫ్టు ఆగినా, బోరు ఎండినా, ఎవరింట్లో పాలు విరిగినా కారణం పిల్లరే. మా ఆయనకు ప్రమోషన్ రాకపోవడానికీ పిల్లరే కారణమని తేల్చారు. పిల్లరు లేవకముందు కూడా రాలేదు, అది వేరే సంగతి.

విరుగుడేమిటి? గేటు తూర్పు మూలకు జరపాలి. ఆ మూలన వాచ్‌మన్ హన్మయ్య గది ఉంది. అందులో ఆయనా, భార్య కృష్ణమ్మా, ఇద్దరు పిల్లలూ ఉంటారు. గది కూల్చేస్తే సరి!

ఇదిగో, సరిగ్గా ఇక్కడే నాకు సోక్రటీసు పూనాడు.

డిగ్రీలో ఫిలాసఫీ చదివాను లెండి. ఇన్నేళ్లుగా ఆ చదువు పోపుల డబ్బా వెనకాల మూలుగుతోంది. బద్ధకపు గుర్రాన్ని కుట్టి లేపే జోరీగనని చెప్పుకున్నాడట ఆ మహానుభావుడు. సరే, ఉప్పల్‌కు మాత్రం ఒక జోరీగ వద్దా? టెర్రస్ మీద బట్టలు ఆరేస్తున్న పక్క ఫ్లాటు సరితను పట్టుకున్నాను.

"సరితా, దోషం పిల్లరుదా, దాని మీద నడిచే రైలుదా?"

"రెండిట్ల ఏదో ఒకటి ఉంటది గదక్కా."

"రైలుదైతే, అది నాగోలు పోయినప్పుడు దోషం కూడా వెంబడి పోతదా? మళ్ల రిటర్న్ ట్రిప్పుల వస్తదా?"

సరిత సగం బట్టలు బకెట్లోనే ఉంచుకుని కిందికి దిగిపోయింది. వాదన గెలిచానని పొంగిపోయాను. ఆమె దిగింది నేరుగా సెక్రటరీగారింటికని తర్వాత తెలిసింది.

అంతటితో ఆగిందా? సెక్రటరీగారి అమ్మాయి కావ్య నా దగ్గరికి ఇంగ్లీషు గ్రామర్ చెప్పించుకోవడానికి వస్తుంది. గేటుకు శాంతిపూజ జరుగుతుంటే అందరి ముందూ నోరు తెరిచింది.

"డాడీ, పిల్లర్ ఎదురుంగ ఉంటే మనకు దోషం గదా? మరి మనం దానికి ఎదురుంగున్నం. దానికేం కాదా?"

సిద్ధాంతి చేతిలో కొబ్బరికాయ గాల్లోనే ఆగిపోయింది.

"ఎవలు నేర్పిన్రు నీకు గీ మాటలు?" అని గుడ్లురిమారు సెక్రటరీగారు.

"మూడొందల రెండు ఫ్లాట్ ఆంటీ."

ఇక కేసు తయారు! నలుగురూ నమ్మేదాన్ని నమ్మకపోవడం ఒకటి, పిల్లల్ని చెడగొట్టడం రెండు. ఆనాడు ఆ ముసలాయన మీద మోపినవే! ఎంత గౌరవమండీ! నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. వంటింట్లో నిలబడి నా డిఫెన్సు రిహార్సల్ చేసుకున్నాను. ముఖ్యమైన చోటల్లా కుక్కర్ విజిలేసింది. నీకు ఏ శిక్ష వేయాలో నువ్వే చెప్పమంటే, జీవితాంతం ఉచితంగా భోజనం పెట్టండి అన్నాడట ఆయన. నేను టెర్రస్ మీద ఎండ బాగా తగిలే దండెం అడుగుదామనుకున్నాను. హన్మయ్య గది సంగతి చిట్టచివరికి దాచిపెట్టాను, విందులో పాయసంలాగా.

తీరా అసోసియేషన్ నోటీసు వస్తే దాని మీద మా ఆయన పేరుంది!

"నేనేం జేసిన?" అన్నాడాయన బిక్కమొహంతో. మా గోవర్ధన్‌గారు నాచారంలో ఫ్యాక్టరీకి వెళ్లే బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తానే సారీ చెప్పే మనిషి.

ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేను లేచి, గొంతు సవరించుకుని, "అపార్ట్‌మెంట్ వాసులారా!" అన్నాను.

"మేడం, జర కూసోండ్రి," అన్నారు సెక్రటరీగారు. "బైలా ప్రకారం ఓనరే మాట్లాడాలె."

"ఆరోపణ నా మీదనే కదండీ?"

"ఆరోపణ మీ మీదనే. జవాబు సార్ చెప్తరు."

ఇంత పదునైన తర్కం ఏథెన్స్‌లో ఎవరికైనా తట్టిందా? కూర్చున్నాను. మా ఆయన లేచాడు.

"మా ఆవిడ తరఫున సారీ సార్. డిగ్రీల ఫిలాసఫీ సదివింది. గప్పటిసంది గిట్లనే."

సెల్లార్ దద్దరిల్లేలా నవ్వారు. "అయ్యో, గంతేనా! మాకెర్క లేకపాయె," అని నా వైపు జాలిగా చూశారు. సమోసాలొచ్చాయి, టీలొచ్చాయి. ఆ నవ్వుల్లోనే, వచ్చే ఆదివారం గది కూల్చేందుకు సరే అన్నవాళ్లు చేతులెత్తండని అడిగారు. మా ఆయన సమోసా కోసం ఎత్తిన చెయ్యి కూడా లెక్కలోకి పోయింది.

టీలు పంచింది కృష్ణమ్మే. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. నా ఉపన్యాసం మొదటి మాట దగ్గరే ఆగిపోయిందన్న దుఃఖంలో ఉన్నాను.

రాత్రి కంచం ముందు మా ఆయన మహా హుషారుగా ఉన్నాడు.

"సూస్తివా, ఎట్ల బచాయించిన నిన్ను! అవునుగని, పప్పుల ఉప్పెయ్యలేదేందే?"

"నన్నడుగుతరేంది? నా తరఫున జవాబులు చెప్పేది మీరు కద. చెప్పుండ్రి, ఎందుకెయ్యలే?"

పాపం, ఆయన నిజంగానే ఆలోచించాడు. ఓ ముద్ద నమిలి మింగి, నెమ్మదిగా అన్నాడు.

"కృష్ణమ్మ గురించి పరేషాన్ల ఉన్నవు. వానల్ల పిల్లల్ని వట్టుకొని యాడికి పోతదని. గా ఫికర్ల మరిచిపోయినవు."

ఏథెన్స్ లేదు, జోరీగ లేదు, దండెం లేదు. నేను చివరికి దాచుకున్నదాన్ని ఈ మనిషి చప్పిడి పప్పు తింటూ చెప్పేశాడు!

"గీ మాట మీటింగుల ఎందుకు చెప్పలేదు?"

"గాడ నన్నెవరడిగిన్రే?"

నిజమే కదా! అడిగే నాకు నోరెత్తే హక్కు లేదు. హక్కున్నాయన్ను ఎవరూ అడగలేదు. మధ్యలో గది మాత్రం పోతోంది.

తెల్లారి చూస్తే సెక్రటరీగారు టేపు పట్టుకుని మేస్త్రీతో గది కొలిపిస్తున్నారు. మా ఆయనకు చెప్పులు తెచ్చి ముందు పెట్టాను.

"ఏమడగాలె?"

"వాళ్లు యాడ పండుకోవాలె అని అడుగుండ్రి."

"గంతేనా?"

"గంతే. సారీ మాత్రం చెప్పకుండ్రి."

ఆయన దిగి చాలాసేపైంది. కింద కేకలు వినిపిస్తున్నాయి. అడిగినట్టే ఉన్నాడు! ఆ కేకల్లో ఆయన గొంతు కూడా ఉందండీ, పెళ్లయ్యాక ఇంత గట్టిగా వినడం ఇదే మొదలు. నేను దిగి, "మా ఆయన తరఫున సారీ" అన్నానంటే గొడవ సద్దుమణుగుతుంది.

కానీ ఏం చేయను? బైలా ఒప్పుకోదు. ఓనరే మాట్లాడాలట!