మంచుకొండకు రిహార్సల్

ఆ సెలవురోజు పొద్దున మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారికి చలి అలవాటు చేయాలి, అంతే.

మంచుకొండ మీద స్కీయింగ్ చేయాలని అతనికి పెళ్లికి ముందునుంచీ పిచ్చి. క్యాలెండర్లో తెల్లటి కొండ బొమ్మ కనిపిస్తే చాలు, చేతిలో కాఫీ చల్లారేదాకా నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. ఇన్నాళ్లకు వారం సెలవు దొరికింది, రిసార్టులో గది కూడా బుక్కయింది. తీరా చూస్తే, "ఆ చలికి కొయ్యబారిపోతాను, నేను రాను" అని కూర్చుంది అత్తగారు. తల్లి రాకపోతే కూతురు కదలదు. కూతురు కదలకపోతే మెకానిక్ కదిలే ప్రశ్నే లేదు.

"మా కోల్డ్ స్టోరేజీలో కాసేపు నిలబడి చూడండి అత్తయ్యగారూ! అది తట్టుకుంటే కొండ మీకో లెక్కా?" అని బతిమాలి ఒప్పించాడు.

బయటివాళ్లను లోపలికి తీసుకెళ్లాడని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకే ఎవరూ ఉండని సెలవురోజు చూసుకున్నాడు. కొత్త కోట్లు, టోపీలు, నల్లద్దాలు, మూతికి మఫ్లర్లు తగిలించి, అత్తగారినీ భార్యనూ చేపలు నిలవచేసే గదిలోకి తీసుకెళ్లాడు. కప్పునుంచి నేలదాకా మంచు తెల్లగా మెరుస్తోంది. "అమ్మో, ఎంత బాగుందండీ!" అంది భార్య. రోజూ అందులోనే చాకిరీ చేసే మెకానిక్ కూడా మొదటిసారి తలెత్తి చూసి, నిజమే సుమా అనుకున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని మేనేజర్ వచ్చాడు. తనిఖీ అధికారులు చెప్పాపెట్టకుండా ఊడిపడతారని నెలరోజులుగా కంటిమీద కునుకులేక, సెలవురోజు కూడా వచ్చి చూసుకునే మనిషి. ముఖాలు కనబడని ఆ రెండు ఆకారాలనూ, కోట్ల కింద చీర అంచులనూ చూడగానే చేతులు జోడించేశాడు.

"ఏమయ్యా, మేడమ్‌లు వచ్చారని ఒక్క ఫోనైనా చేయొద్దూ?" అని మెకానిక్ చెవిలో గొణిగాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. మెకానిక్ అవునన్నట్టు తలూపాడు.

పాపం అత్తగారికి ఈ గొడవేమీ తెలియదు. ఎక్కడికెళ్లినా వంక పెట్టకుండా ఉండలేదు కనుక, ఓ అరను వేలితో గీరి చూసింది.

"ఏం నాయనా, ఇది తుడిచి ఎన్నాళ్లయింది? ఆ మూల చూడు, గడ్డలుగడ్డలుగా పేరుకుపోయింది. గోకేవాళ్లే లేరా?"

మేనేజర్‌కు అంత చలిలోనూ చెమట పట్టింది. "వారంలో అద్దంలా చేయిస్తాను మేడమ్!"

"చేయించు. మళ్లీ వచ్చి చూస్తా."

బయటపడ్డాక అత్తగారు మఫ్లర్ లాగేసి, "ఓస్, చలంటే ఇంతేనా! పద అల్లుడూ, కొండకే పోదాం!" అంది. మెకానిక్ గంతేయబోయాడు. ఇంతలో జేబులో ఫోన్ మోగింది.

"నీ సెలవు రద్దయ్యా!" అన్నాడు మేనేజర్. "ఆ మహాతల్లి మళ్లీ వచ్చేలోగా గదంతా గోకి తుడవాలి. నువ్వు లేకపోతే నా కొంప మునుగుతుంది."

మహాతల్లి పక్కనే నిలబడి, కొండమీదికి ఏ కోటు బాగుంటుందో కూతుర్ని అడుగుతోంది.

తల్లీ కూతురూ కొండకు వెళ్లారు. మెకానిక్ చేపల గదిలో మంచు గోకుతూ ఉండిపోయాడు. వారం చివర భార్య వీడియో కాల్ చేసింది. ఆమె వెనక ఆకాశాన్నంటుతూ కొండ, ఎక్కడా మచ్చలేని తెలుపు. అతనికి ఒళ్లు పులకరించింది, కుళ్లూ పుట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎలా ఉంది అత్తయ్యగారూ?" అన్నాడు.

అత్తగారు వెనక్కి తిరిగి కొండను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత మెల్లగా, "వంక పెట్టడానికేం లేదు నాయనా" అంది.

మెకానిక్ ఆ కొండకు ఫోన్లోనే దణ్ణం పెట్టాడు.